రేగాకు నీళ్ళు

మా ఊళ్ళో ఆడమనిషి ఎవరైనా కన్నుమూస్తే నాకు కబురు రావడానికి పది నిమిషాలు పట్టదు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే దించేసి, గోడ మేకుకు తగిలించిన సంచి భుజాన వేసుకుని పోతాను. సంచిలో కత్తెర, గింజ తీసిన పత్తి, కర్పూరం, మెత్తటి గుడ్డలు ఉంటాయి. రేగాకు మాత్రం ఎప్పటికప్పుడు పచ్చిది కోయాలి. మసీదు వెనక చెట్టుంది. ఆకు వేసి నీళ్ళు మరగబెట్టి, గోరువెచ్చగా అయ్యాక ఆ నీళ్ళతో పోయినవాళ్ళకు ఆఖరి స్నానం చేయిస్తాం. గుసుల్ అంటాం దాన్ని. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చేయించాలి. ఈ పనికి రూపాయి పుచ్చుకోకూడదని, ఆ ఇంట్లో టీ కూడా తాగకూడదని మా అత్త నాకు చెప్పింది. టీ తాగుతాను. మిగతాదంతా ఆమె చెప్పినట్టే చేస్తూ వచ్చాను, ఒక్కసారి తప్ప.

నా పేరు నసీమున్నీసా. దర్శికి ఇవతల, మిరప చేలు, పత్తి చేలు తప్ప చెప్పుకోవడానికి మరేమీ లేని ఊరు మాది. దూదేకుల ఇళ్ళు అరవై దాకా ఉంటాయి. మా తాతలు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టారు. ఇప్పుడు పరుపులు షాపులో దొరుకుతున్నాయి, మేము కూలికి పోతున్నాం. ఇంట్లో తెలుగే, నమాజుకు మాత్రం అరబ్బీ. గుసుల్ చేయించేటప్పుడు చదివే దువాలు నాకు నోటికి వచ్చు, అర్థం అడిగితే మాత్రం సగమే చెప్పగలను.

రెండేళ్ళుగా నా చేతులు వణుకుతున్నాయి. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు నా చీరే తాగుతుంది. గుంటూరు డాక్టరు ఆ జబ్బుకు ఏదో పేరు చెప్పాడు. పేరు తెలిస్తే వణుకు ఆగుతుందా? చేతులు వణికినా కూర వండుకోవచ్చు, చీర కట్టుకోవచ్చు, ఎట్లాగో ఒకట్లా బతకొచ్చు. కానీ పోయిన మనిషిని పక్కకు తిప్పి, వీపు కడిగి, మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టాలంటే చేతులు నిలకడగా ఉండాలి. జారిపడితే వాళ్ళు పట్టుకోలేరు కదా.

మసీదు పెద్ద గౌస్ బాషా ఒకనాడు మా వాకిట్లో కూర్చుని అడిగాడు. "నీ తర్వాత ఎవరక్కా?"

"నా తర్వాత నన్ను పూడుస్తారు," అన్నాను.

"అది సరే. నిన్ను కడిగేదెవరని అడుగుతున్నా."

ఊళ్ళో కుర్రాళ్ళకేమో సేవా సంఘం ఉంది. ఒకే రంగు చొక్కాలు కుట్టించుకుని, బస్టాండులో చలివేంద్రం పెట్టి, ఒక గ్లాసు మంచినీళ్ళు ఇస్తే నాలుగు ఫోటోలు దిగుతారు. వెక్కిరించడం కాదు కానీ, గొయ్యి తవ్వమంటే కూడా వస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆడపిల్లలకు అట్లాంటి సంఘం లేదు. శవాన్ని కడగడానికి రమ్మంటే ఏ తల్లి పంపుతుంది? ఫోటో కూడా దిగేది కాదాయె.

"మైకులో చెబుతా," అన్నాడు గౌస్ బాషా. "వయసు పిల్లలు ముందుకు రావాలని, ఇది పుణ్యమని చెబుతా. నువ్వు నేర్పు. ఒక్కటేనక్కా, నోరు కొంచెం అదుపులో పెట్టుకో."

శుక్రవారం నమాజు తర్వాత మైకులో చెప్పాడు. ఆదివారం మసీదు పక్కన పిల్లలు చదువుకునే గదిలో పదకొండు మంది చేరారు. మొదటి మిరప కోతలు నడుస్తున్న రోజులు. సగం మంది చేలో నుంచి తిన్నగా వచ్చారు. గదిలోకి అడుగుపెట్టగానే ఘాటుకు దగ్గొచ్చింది. బిస్కెట్ల కోసం వచ్చినవాళ్ళు ఎవరో, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఎవరో నేను లెక్క వేసుకుంటుండగా ఆఖరున షాహిస్తా వచ్చి తలుపు పక్కన నిలబడింది. ఆ పిల్లను చూడగానే నా లెక్క తప్పింది. ఎందుకో చెప్పాలి.

షాహిస్తా వాళ్ళమ్మ రహిమున్నీసా పదకొండేళ్ళు నాతో కలిసి ఈ పని చేసింది. నేను కడిగేదాన్ని, ఆమె నీళ్ళు పోసేది. చెంబు ఎత్తి పోస్తే ధార ఎక్కడ పడాలో అక్కడే పడేది, పక్కకు ఒక చుక్క చిందేది కాదు. మేమిద్దరం మాట్లాడుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు. ఐదేళ్ళ కిందట, కరోనా రెండోసారి ఊళ్ళను ఊడ్చిన ఎండాకాలంలో, ఆసుపత్రికి బయల్దేరేలోపే రహిమున్నీసా ఇంట్లో పోయింది. గౌస్ బాషా ఎక్కడెక్కడో తిరిగి ప్లాస్టిక్ సూటు, చేతి తొడుగులు సంపాదించి నా గడప మీద పెట్టి వెళ్ళాడు. నేను జ్వరమని చెప్పించాను. నాకు జ్వరం లేదు. భయం ఉంది. ఊపిరాడక చస్తానని భయం.

షాహిస్తాకు అప్పుడు పదిహేడేళ్ళు. మా తలుపు దగ్గరకు వచ్చింది. నా కొడుకు మాలిక్ తలుపు తీయకుండానే, "అమ్మకు జ్వరం, లేవలేకపోతోంది" అన్నాడు. నేను తలుపు వెనకే పీట మీద కూర్చుని ఉన్నాను. "అవ్వను రమ్మనట్లేదు," అంది ఆ పిల్ల బయట నుంచి. "కిటికీలో నుంచి ఎట్టా చెయ్యాలో చెబితే చాలు. నేనే కడుగుతా." కాసేపు ఎదురుచూసింది. తర్వాత చెప్పుల చప్పుడు దూరమైంది. రహిమున్నీసాను కట్టుకున్న చీరతోనే దుప్పట్లో చుట్టి మగవాళ్ళు పూడ్చిపెట్టి వచ్చారు. ఊరందరి ఆడవాళ్ళకూ నీళ్ళు పోసిన మనిషికి ఒక్క చెంబు నీళ్ళు దక్కలేదు.

ఆ పిల్ల ఇప్పుడు నేర్చుకోవడానికి వచ్చింది.

ఈ పని చెప్తే రాదు, చేసి చూపించాలి. చూపించాలంటే ఎవరో ఒకరు చెక్కబల్ల మీద మయ్యత్ లాగా, అంటే శవం లాగా పడుకోవాలి. పడుకోమంటే పిల్లలంతా గోడకు అతుక్కున్నారు.

"మా అత్తకు తెలిస్తే చంపేసిద్ది, అవ్వా," అంది ఒకతె.

"చంపితే అప్పుడు నిజంగానే పడుకోవచ్చు," అన్నాను. అందరూ నవ్వారు. చివరికి నేనే పడుకున్నాను. దుప్పటి కప్పించుకుని, కళ్ళు మూసుకుని, మొహం, చేతులు మాత్రం కడగమన్నాను. కుడి వైపు ముందు, ఎడమ వైపు తర్వాత, ప్రతిదీ బేసి సార్లు.

చాలామంది చేతులు గొడ్డును రుద్దినట్టు రుద్దాయి. షాహిస్తా చెయ్యి తగలగానే తేడా తెలిసింది. మెత్తగా, తొందర లేకుండా, తల్లి పోసిన ధార లాగే ఉంది. తడిగుడ్డతో నుదురు తుడిచింది. రెప్పల మీద తుడిచింది. నా మనసు అప్పుడప్పుడే కుదుటపడుతోంది. అంతలో కళ్ళు భగ్గుమన్నాయి. మిరపకాయ మంట. కేక పెట్టి లేచి కూర్చున్నాను.

మా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఏ కితాబులోనూ ఉండదు, మా మిరప ఊళ్ళలోనే ఉంటుంది. కోతకు పోయి వచ్చిన చేతులతో మయ్యత్‌ను ముట్టుకోకూడదు. మజ్జిగతో మూడుసార్లు కడుక్కుని, ఆముదం రాసుకుని, సబ్బుతో మళ్ళీ కడుక్కుని అప్పుడు ముట్టుకోవాలి. పోయినవాళ్ళు మంట అని చెప్పుకోలేరు, అనేది మా అత్త. ఆ మాట ఈ పిల్లలకు నేను ముందే చెప్పాల్సింది. చెప్పడం మరిచిపోయాను. తప్పు నాది. కానీ కళ్ళు మండుతున్నప్పుడు నా తప్పు నాకు కనబడలేదు.

"ఏందే ఆ చేతులు!" అని అరిచాను. "నువ్వు ముట్టుకుంటే శవాలు కూడా లేచి కూచుంటాయి! పదకొండేళ్ళు నీళ్ళు పోసిన మీ అమ్మను చూసన్నా నేర్చుకోలేదా? ఏం పెంచిందో!"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. షాహిస్తా గుడ్డను పిండి, మడిచి, బల్ల అంచున పెట్టింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం ముగ్గురు వచ్చారు. ఆ తర్వాతి ఆదివారం బిస్కెట్ల పొట్లం విప్పకుండానే ఇంటికి తీసుకొచ్చాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దక్కా," అన్నాడు గౌస్ బాషా. "పిల్లలు రావట్లేదని అందరం ఏడుస్తాం. వచ్చినోళ్ళను మనమే తరుముతాం. పోయి ఆ పిల్లతో ఒక మాట మాట్లాడు."

"నేను పోను," అన్నాను. పొగరని అనుకున్నాడు. పొగరు కొంత ఉంది, కాదనను. మిగతాది వేరే. ఆ పిల్ల ఎదుట నిలబడి క్షమించమని అడగాలంటే దేనికి అడగాలి? తిట్టినందుకే అడిగితే అది కూడా ఇంకో అబద్ధం.

రంజాన్ నెల ఇంకా రాలేదు. చలి తగ్గుతోంది. ఆ మంగళవారం పొద్దున కోతకు పోయే కూలీల ఆటో కాలవ మలుపులో పల్టీ కొట్టింది. పద్నాలుగు మంది ఎక్కారు. అందరికీ దెబ్బలు తగిలాయి, ప్రాణం పోయింది మాత్రం ఆయేషాది. ఇరవై ఆరేళ్ళు. మూడేళ్ళ కొడుకు. మధ్యాహ్నం దాటాక దర్శి నుంచి తీసుకొచ్చి వాళ్ళ పెరట్లో పరదాలు కట్టిన చోట దించారు. పోస్టుమార్టం చేసి కుట్టిన శరీరం. ఆయేషా అత్త నాకు సాయం పడతానని వచ్చి, దుప్పటి ఒక వారన ఎత్తి చూసి అక్కడే పడిపోయింది. పెద్దవాళ్ళు ఇద్దరు వచ్చారు, ఇద్దరూ పరదా దాటి లోపలికి రాలేదు.

నేనొక్కదాన్నే నిలబడ్డాను. చెంబు తీసుకున్నాను. నీళ్ళు ఆ పిల్ల మీద పడకుండా నా కాళ్ళ మీద పడ్డాయి. మళ్ళీ ముంచాను. మళ్ళీ అంతే. చెంబు కింద పెట్టి, పొద్దు ఎంత ఉందో చూశాను. పొద్దు గుంకే నమాజు లోపల పూడ్చాలన్నారు. అప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా ఊరవతలి కల్లానికి నడిచాను.

కల్లంలో పట్టాల మీద మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. షాహిస్తా ఒక మూల గొంతుకూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కకు వేస్తోంది. మిగతా కూలీలు వార్త విని వెళ్ళిపోయారు. ఆ పిల్ల మాత్రం ఎందుకు కూర్చుందో నాకు అర్థమైంది. ఆయేషా, తను ఒకే ముఠాలో పనిచేసేవాళ్ళు. ఆ రోజు తాలు ఏరడానికి ఒకరు కావాలంటే తను ఆగింది, ఆయేషా ఆటో ఎక్కింది. చేతులు ఆపితే ఏడుపు వస్తుందని ఏరుతూనే ఉంది.

"ఆయేషాను తెచ్చారమ్మా," అన్నాను.

"తెలుసు."

"కుట్లున్నాయి. వాళ్ళత్త చూసి పడిపోయింది. నా చేతులు ఇట్టున్నాయి." చేతులు చాపాను. రెండూ ఎండుటాకుల్లా ఆడుతున్నాయి.

తలెత్తి చూసింది. తన చేతులు కూడా చాపింది. గోళ్ళ చుట్టూ ఎర్రగా వాచి, అక్కడక్కడ తోలు లేచి ఉంది. "నావి ఇట్టున్నాయి. నేను ముట్టుకుంటే లేచి కూచుంటారన్నారుగా. లేచి కూచుంటే బాగుండు."

"అన్నాను. అనకూడని మాట అన్నాను. మజ్జిగ సంగతి ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు. తప్పు నాదమ్మా. మీ అమ్మను అనడం ఇంకా పెద్ద తప్పు."

ఆమె ఇంకో నాలుగు కాయలు ఏరింది. తర్వాత లేచి పావడా దులుపుకుంది. "మీ ఇంట్లో మజ్జిగుందా?" అని అడిగింది.

మా పెరట్లో మూడుసార్లు మజ్జిగతో కడుక్కుంది. ఆముదం రాసుకుంది. సబ్బు పెట్టి రుద్దుకుంది. ఆఖరున నేను ఎప్పుడూ నేర్పనిది ఒకటి చేసింది. తడి వేలు తన కంటి రెప్ప మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వంద లెక్కపెట్టేంత సేపు ఆగింది. "మంట లేదు, పదండి," అంది.

ఆ గుసుల్ గురించి ఎక్కువ చెప్పకూడదు. పరదా లోపల చూసింది పరదా లోపలే ఉండాలి. ఇంత మాత్రం చెబుతాను. నేను మాట చెప్పాను, ఆమె చేసింది. కుట్ల మీద మా ఇంటి పత్తి పెట్టి అద్దింది, రుద్దలేదు. పక్కకు తిప్పేటప్పుడు నిద్రపోతున్న పిల్లను తిప్పినట్టు తల కింద చెయ్యి పెట్టి తిప్పింది. నీళ్ళు నేను పోశాను. నా చెయ్యి వణికినప్పుడల్లా ఆమె ఎడమ చెయ్యి వచ్చి చెంబు అడుగున పట్టుకునేది. ముప్పై ఏళ్ళలో ఇంత బాగా జరిగిన గుసుల్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా తర్వాత ఎవరని గౌస్ బాషా అడిగిన ప్రశ్నకు సమాధానం నా కళ్ళ ముందు కూర్చుని ఉంది. నాకు ఏడుపు వచ్చింది. సంతోషమో దుఃఖమో నాకే తెలియలేదు.

ఆడవాళ్ళకు ఆఖరున తల మూడు పాయలుగా అల్లుతాం. షాహిస్తా అల్లుతూ, తల ఎత్తకుండా మాట్లాడింది.

"అమ్మకు కూడా ఇట్టా అల్లేవాళ్ళు కదవ్వా, ఆ రోజు మీకు జ్వరం రాకపోయుంటే."

నేను కర్పూరం పొడి చేస్తున్నాను.

"మీరు తిట్టినప్పుడు కోపమొచ్చింది. కానీ అమ్మ పోయిన రోజుకి మాత్రం నాకు మీ మీద కోపం లేదు. లేవలేని మనిషి ఏం చేసిద్ది? అప్పుడే అనుకున్నా, ఈ పని ఒక్కరికే తెలిసుంటే ఇట్టాగే అయిద్దని. ఆ ఒక్కరికి జ్వరమొస్తే పోయినోళ్ళ గతేంది? అందుకే మైకులో చెప్పగానే వచ్చా."

ఐదేళ్ళుగా ఆ పిల్ల నా జ్వరాన్ని నమ్మింది. ఆ నమ్మకం మీద ఒక మంచి పని కట్టుకుంటోంది. నేను నోరు మూసుకుంటే చాలు, రేపటి నుంచి ఈ సంచి ఆమె భుజాన ఉంటుంది. ఊరి ఆడవాళ్ళు ఒంటి నిండా నీళ్ళు పోయించుకుని పోతారు, నాతో సహా. నోరు విప్పితే లేచి పోతుంది, ఇంకెప్పుడూ రాదు. ఈ నోరు ఎప్పుడూ అక్కరలేని చోట లేచేది. ఆ రోజు మూసుకోమని నేనే బతిమాలాను. కానీ మా ఇద్దరి మధ్య ఆయేషా పడుకుని ఉంది. కడిగిన మొహంతో, తెల్లగా. ఆ మొహం పక్కన కూర్చుని అబద్ధాన్ని ఇంకో రోజు మోయడం నా వల్ల కాలేదు.

"నాకు ఆ రోజు జ్వరం లేదు," అన్నాను.

ఆమె వేళ్ళు ఆగాయి.

"భయపడ్డాను. నువ్వు వచ్చినప్పుడు తలుపు వెనకే కూర్చుని ఉన్నాను. కిటికీలో నుంచి చెప్పమన్నావు. విన్నాను. లేవలేదు."

పరదా అవతల ఎవరో పసివాణ్ణి ఊరుకోబెడుతున్నారు. షాహిస్తా మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. మూడో జడ కూడా మొదటి రెండింటి లాగే తిన్నగా, బిగువు తప్పకుండా అల్లి ముడివేసింది. ఒంటికి చుట్టే తెల్లటి కఫన్ గుడ్డలు ఒక్కొక్కటే నా చేతి నుంచి అందుకుంది. పని పూర్తయ్యాక చేతులు కడుక్కుని, నన్ను దాటుకుని, పరదా ఎత్తి వెళ్ళిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం గౌస్ బాషాకు కూడా చెప్పేశాను. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆ సూటు కోసం మూడు ఊళ్ళు తిరిగానక్కా," అన్నాడు. లేచి వెళ్తూ, "పిల్లలు ముందుకు రావాలని మైకులో చెప్పడం తేలికే," అన్నాడు. ఆ మాట నన్నన్నాడో తనను తాను అనుకున్నాడో నేను అడగలేదు.

రంజాన్ నెల వచ్చింది. పండగ నాడు షాహిస్తా కొత్త బట్టలు కట్టుకుని మా వీధిలో ఇంటింటికీ పోయి పెద్దవాళ్ళ చేతులు పట్టుకుని పలకరించింది. మా ఇల్లు దాటి పక్కింటికి వెళ్ళింది. నేను వాకిట్లోనే సేమ్యా గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. మాలిక్ నన్ను చూసి, "లోపలికి రామ్మా, ఎండ" అన్నాడు. ఆ రోజు తలుపు వెనక నుంచి అబద్ధం చెప్పింది వాడే. నేను చెప్పించిందే. ఆ పిల్ల మా ఇల్లు ఎందుకు దాటిపోయిందో వాడికీ అర్థమైంది.

కోతలు అయిపోవస్తుండగా మసీదు వీధిలో ఎనభై ఏళ్ళ ముసలమ్మ పోయింది. కబురు రాగానే సంచి తీసుకున్నాను. ఒక్కదాన్నే ఎట్లా చెయ్యాలా అని దారి పొడుగునా అనుకుంటూ పోయాను. వెళ్ళేసరికి పెరట్లో పొయ్యి మండుతోంది. బాన మీద ఆవిరి. రేగాకు వాసన. షాహిస్తా పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. పక్కన మజ్జిగ గిన్నె ఖాళీగా ఉంది. నా వంక చూడలేదు. నేను మాట చెప్పాను, ఆమె చేసింది. అడగాల్సింది ఏదైనా ఉంటే దువా చదవడానికి వచ్చి కూర్చున్న ఒక పెద్దామె వైపు తిరిగి అడిగింది. జవాబు నేను చెప్పాను. అట్లాగే పని నడిచింది. నన్ను క్షమించలేదు. పని మానలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నాకు అరవై నాలుగేళ్ళకు తెలిసింది.

వెళ్తూ గౌస్ బాషాతో చెప్పింది. "నలుగురు పిల్లలున్నారు. నేర్చుకుంటామంటున్నారు. ఆదివారం గది తాళం ఇవ్వండి."

నన్ను ఎవరూ పిలవలేదు. అయినా వెళ్ళాను. గోడ పక్కన కూర్చున్నాను. షాహిస్తా అన్నీ వరసగా చెప్పింది. మజ్జిగ సంగతి అన్నిటికన్నా ముందు చెప్పింది. తర్వాత చెక్కబల్ల వైపు చూసింది. నలుగురు పిల్లలూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని గోడకు అతుక్కున్నారు. ఆమె నన్ను అడగలేదు. బల్ల వైపే చూస్తూ నిలబడింది. నేను లేచి, మోకాళ్ళు పట్టుకుని ఎక్కి, పడుకున్నాను. ఎవరో దుప్పటి కప్పారు.

మొదటి పిల్ల చేతులు కడిగింది. రెండో పిల్ల నుదురు కడిగింది. మూడో పిల్ల, చేలో నుంచి ఆలస్యంగా పరిగెత్తుకొచ్చిన పిల్ల, తడిగుడ్డ పిండి నా రెప్పల మీద పెట్టింది. మజ్జిగ మాట వినలేదు కాబోలు. ఒక్క క్షణం చల్లగా ఉంది. తర్వాత నిప్పు పెట్టినట్టు మండింది.

కేక నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను. మయ్యత్ నోరు మెదపదు. రహిమున్నీసా కూడా ఆ రోజు ఏమీ అనలేదు. నేనొస్తానని ఇంట్లో పడుకుని ఎదురుచూసింది, చీర కూడా మార్చకుండా ఎత్తుకుపోయారు, ఏమీ అనలేదు. నేనూ అనకూడదనుకున్నాను. చేతులు వణుకుతుంటే దుప్పటి కింద గట్టిగా నొక్కి పట్టుకున్నాను. కన్నీళ్ళను మాత్రం ఆపలేకపోయాను. రెండు పక్కలా చెవుల్లోకి కారాయి.

"ఆగు," అంది షాహిస్తా.

గుడ్డ నా మీద నుంచి లేచింది. ఆ పిల్ల చెయ్యి అందుకుని వాసన చూసినట్టుంది. నేను తిట్లు వస్తాయని ఎదురుచూశాను, నా అలవాటు కొద్దీ.

"మజ్జిగ గిన్నె వాకిట్లో ఉంది. మూడుసార్లు కడుక్కో. తర్వాత నీ కంటి మీద నువ్వే వేలు పెట్టి చూసుకో. మండకపోతే రా. తప్పకుండా రా, నీకోసం ఆగుతాం." గొంతు ఎక్కడా లేవలేదు. మిగతా వాళ్ళతో అంది, "పోయినోళ్ళు మంట అని చెప్పుకోలేరు. మనమే కనిపెట్టాలి."

వాకిట్లో నీళ్ళ చప్పుడు వినిపించింది. నా తల పక్కన ఇంకో చెంబు ముంచిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక చెయ్యి నా తల కిందకు వచ్చి కొంచెం ఎత్తింది. నీళ్ళు చల్లగా, సన్నగా, చుక్క పక్కకు చిందకుండా కంటి మీద పడ్డాయి. కుడి కన్ను మూడుసార్లు. ఎడమ కన్ను మూడుసార్లు. ఆ ధార నాకు తెలుసు. పదకొండేళ్ళు పక్కన నిలబడి చూసిన ధార అది. అల్లా మీద ఒట్టు, ఆ క్షణాన లేచి ఆ పిల్ల కాళ్ళు పట్టుకోవాలనిపించింది. రెప్పలు కదిలాయి కాబోలు, ఆమె అరచెయ్యి వాటి మీద వాలింది.

"కళ్ళు తెరవొద్దవ్వా," అంది. ఆయేషా జడలు అల్లిన రోజు తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "ఇంకా అయిపోలేదు."

నేను తెరవలేదు.